ఉత్తరాన్ని పట్టించుకోని సూది

భూమి అయస్కాంత క్షేత్రం యుగయుగాలుగా ఎలా మారిందో తెలియాలంటే, నేటి క్షేత్రాన్ని లెక్కచేయని సూది ఒకటి కావాలి. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి క్షేత్ర దిశను పట్టి ఉంచుకుంటాయి. కానీ ఆ అయస్కాంతత్వం చాలా బలహీనం. చాలా రాళ్ల పక్కన మామూలు దిక్సూచిని పెడితే, అది రాతి మాట వినకుండా ఉత్తరానికే తిరుగుతుంది. అందువల్ల సూదిని సున్నితం చేసినంత మాత్రాన పని జరగదు, దానితోపాటు నేటి క్షేత్రపు లాగుడూ పెరుగుతుంది. ముందు ఆ లాగుడును రద్దు చేయాలి. ఆ కిటుకు అస్టాటిక్ మాగ్నెటోమీటరులో ఉంది.

ఒకే నిలువు కడ్డీకి పైన ఒకటి, కింద ఒకటి, సమాన బలమున్న రెండు చిన్న అయస్కాంతాలను ఎదురెదురు దిక్కులకు బిగించి, సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీస్తారు. భూక్షేత్రం ఆ కొద్ది సెంటీమీటర్ల దూరంలో దాదాపు ఒకేలా ఉంటుంది కనుక, ఒకదాన్ని ఎంత తిప్పబోతే రెండోదాన్ని అంతే ఎదురు తిప్పబోతుంది. రెండు పళ్లాల్లో సమానంగా ఎంత బరువు వేసినా త్రాసు ఒరగనట్టే, ఈ జోడూ కదలదు. రాతిముక్క క్షేత్రం సంగతి వేరు. దూరం రెట్టింపైతే అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కింది అయస్కాంతానికి దగ్గరగా పెట్టిన రాయి దాన్ని గట్టిగా తిప్పుతుంది, పైదాన్ని అంతగా తాకదు. ఆ తేడాకే పోగు మెలిపడుతుంది. కడ్డీకి అంటించిన అద్దం నుంచి పడే వెలుగుచుక్క ఆ మెలికను స్కేలు మీద చూపిస్తుంది.

జోడు సూదుల ఉపాయం పాతదే, 1825లోనే ఇటలీలో నొబిలి గాల్వనోమీటరులో వాడాడు. దాన్ని అంచుదాకా తీసుకెళ్లింది బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్. రాళ్లను కొలవడం అప్పుడు ఆయన ఉద్దేశం కాదు. తిరిగే ప్రతి భారీ వస్తువూ తిరగడం వల్లనే అయస్కాంతమవుతుందని 1947లో ఆయన ప్రతిపాదించాడు. భూమి, సూర్యుడు, 78 వర్జినిస్ నక్షత్రం లెక్కలు దానికి సరిపోయినట్టే కనిపించాయి. కాదు, భూక్షేత్రానికి భూగర్భంలోని ద్రవలోహపు కదలికే కారణమన్నది భూభౌతిక శాస్త్రవేత్త బుల్లార్డ్ పక్షం. బ్లాకెట్ మాటే నిజమైతే గనిలోకి దిగేకొద్దీ క్షేత్రపు అడ్డభాగం తగ్గాలి. రన్‌కార్న్ బృందం లాంకషైర్ బొగ్గుగనుల్లో కొలిస్తే అది పెరిగింది. భూమితోపాటు తిరుగుతున్న 15 కిలోల పైచిలుకు బంగారు స్తూపం దగ్గర బ్లాకెట్ స్వయంగా వెతికినా ఊహించిన క్షేత్రం కనబడలేదు. 1952లో ఆ వ్యతిరేక ఫలితాన్ని ఆయనే ప్రచురించి, అంత సున్నితమైన యంత్రాన్ని రాళ్లవైపు మళ్లించాడు.

రాతి జ్ఞాపకాన్ని నమ్మవచ్చా అన్న అభ్యంతరం అప్పుడే లేచింది. తర్వాతి క్షేత్రాలు పాత ముద్రను చెరిపివేసి ఉండవచ్చు కదా? అలా పూర్తిగా చెరిపి ఉంటే రాళ్లన్నీ నేటి దిక్కునే చూపాలి. దక్కన్ లావాలో చాలా పొరలు దక్షిణం వైపు చూపుతున్నాయి. వాటి అయస్కాంత దిశ వాలును బట్టి లెక్కిస్తే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట అవి గడ్డకట్టినప్పుడు ఈ నేల భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరాళ్లు ఆ లావావే. ఆ దక్షిణ దిశ నిజంగా భూక్షేత్రం తలకిందులైనందుకేనా అన్న ఇంకో అభ్యంతరం బలమైనది: జపాన్‌లోని హరునా రాయి చల్లారుతూ తనంతట తానే క్షేత్రానికి ఎదురు తిరుగుతుందని 1950ల ఆరంభంలో తేలింది. అయితే అలాంటి రాళ్లు అరుదు. పైగా 1906 నాటికే ఫ్రాన్స్‌లో బ్రూన్, లావా వేడికి కాలిన బంకమట్టి కూడా లావాతోపాటే తలకిందులై ఉండటం చూపాడు. వేర్వేరు పదార్థాలు కలిసి ఒకే దిక్కుకు తిరగాలంటే తిరిగింది క్షేత్రమే కావాలి. 1960లలో కాక్స్, డోయెల్, డాల్రింపుల్ రాళ్ల వయసులు కట్టి, వేర్వేరు ఖండాల్లో ఒకే వయసున్న రాళ్లు ఒకే దిక్కు చూపుతాయని నిరూపించడంతో వాదం ముగిసింది. క్షేత్రపు ఆఖరి తిరుగుడు సుమారు 7.8 లక్షల ఏళ్ల నాటిది.

తర్వాత రాతిని గిర్రున తిప్పే మాగ్నెటోమీటర్లు, వాటి వెనక స్క్విడ్‌లు అనే అతిశీతల అతివాహక సాధనాలు వచ్చి జోడు సూదులను మూలన పెట్టాయి. స్క్విడ్‌లూ అయస్కాంత కవచాల మధ్యనే పనిచేస్తాయి. సాధనం మారినా షరతు మారలేదు: నేటి క్షేత్రాన్ని పక్కన పెట్టలేని కొలతకు నాటి క్షేత్రం గురించి సాక్ష్యం చెప్పే అర్హత లేదు.