మీకు తెలుసా? హైడ్రోజన్‌కే దారిచ్చే లోహం

పల్లాడియం రేకులో రంధ్రాలుండవు. అయినా వేడి మీద హైడ్రోజన్ దాన్ని దాటిపోతుంది, మిగతా వాయువులు ఆగిపోతాయి! హైడ్రోజన్ అణువు రేకు మీద రెండు పరమాణువులుగా విడిపోయి, లోహంలోకి దూరి, అవతలి వైపు మళ్లీ జతకడుతుంది. ఈ లోహం తన ఘనపరిమాణానికి వందల రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని థామస్ గ్రాహం 1860లలోనే చూపాడు. చిక్కల్లా, సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన హైడ్రోజన్ తగిలితే రేకు ఉబ్బి పగులుతుంది. అందుకే దాదాపు 23 శాతం వెండి కలుపుతారు.

సహజవాయువు, నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ తీయాలంటే మామూలుగా 800 డిగ్రీలకు పైగా వేడి కావాలి. పుట్టిన హైడ్రోజన్‌ను రేకు ఎప్పటికప్పుడు లాగేస్తుంటే చర్య ముందుకే సాగుతుంది, 500–600 డిగ్రీలతోనే పని జరుగుతుంది.

హైడ్రోజన్‌కు బదులు, అదే చర్యలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసినా ఫలితం అలాంటిదే. ఆ పని చవకైన సున్నం చేస్తుంది. వికారాబాద్ జిల్లా తాండూరు చుట్టుపక్కల సున్నపురాయికి కొదవ లేదు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల కొలిముల్లో రాయి నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి సున్నం మిగులుతుంది (స్వచ్ఛమైన సున్నపురాయి బరువులో 44 శాతం ఈ వాయువే). హైడ్రోజన్ తీసే రియాక్టర్‌లో కథ తిరగబడుతుంది: సున్నం ఆ వాయువును పీల్చి మళ్లీ రాయవుతుంది. ధర చూస్తే సున్నానిదే పైచేయి. కానీ మళ్లీ వాడేందుకు పదేపదే కాల్చేకొద్దీ దాని పీల్చే శక్తి తగ్గిపోతుంది.