కారులో ఆ పసుపు దీపం ఎందుకు వెలుగుతుంది?

పిల్లలూ, వెనక వంకర గీతలున్న చిన్న కారు బొమ్మ డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో వెలగడం ఎప్పుడైనా చూశారా? కారు మలుపులో జారిపోకుండా కాపాడే ఏర్పాటుకు అది గుర్తు. 1995లో ఈ ఏర్పాటు మొదట మెర్సిడెస్ బెంజ్ కారులో వచ్చింది.

ప్రతి చక్రం దగ్గరా దాని వేగం కొలిచే సెన్సర్ ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్, కారు నిజంగా ఎంత తిరుగుతోందో మరొకటి చెబుతాయి. ఈ రెండింటికీ పొంతన లేకపోతే కారు జారుతున్నట్టే! వెంటనే కంప్యూటర్ అవసరమైన చక్రానికే బ్రేకు వేసి కారును దారిలో పెడుతుంది. అప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుంది.

మరి ఆరకుండా వెలుగుతూనే ఉంటే? ఎవరైనా స్విచ్ నొక్కి ఈ ఏర్పాటును ఆపి ఉండొచ్చు, లేదా సెన్సర్ కబురు సరిగా అందకపోయి ఉండొచ్చు. తప్పుడు కబురు నమ్మి బ్రేకు వేస్తే ప్రమాదం కదా! అందుకే కంప్యూటర్ ఆ పని మానేసి, లోపాన్ని ఒక కోడ్‌గా దాచిపెడుతుంది.

మెకానిక్ స్కానర్ తగిలించి ఆ కోడ్ చదువుతాడు. 'ముందు ఎడమ చక్రం సెన్సర్' అని వస్తే వెంటనే దాన్ని మార్చేయాలా? వద్దు. ఇంట్లో లైటు వెలగకపోతే తప్పు బల్బుదే కానక్కర్లేదు. వైరుదో, స్విచ్‌దో కావచ్చు. ఇక్కడా అంతే. చక్రంతో పాటు కదిలీ కదిలీ వైరు లోపల తెగి ఉండొచ్చు. ప్లగ్గులో నీరు చేరి చిలుము పట్టి ఉండొచ్చు. బ్యాటరీ బలహీనపడినా ఈ దీపం వెలగొచ్చు. అందుకే కరెంటును కొలిచే మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ పరీక్షిస్తాడు. బాగుచేశాక కోడ్ చెరిపి, కారు నడిపి, దీపం మళ్లీ వెలగడం లేదని తేల్చుకుంటాడు.

ఆ దీపం ఆరకుండా కనిపిస్తే పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి.