కుళాయి గొట్టం ఎటునుంచి వస్తోంది?

బదిలీపై కొత్త ఊరికి వెళ్ళి ఇల్లు వెతికేటప్పుడు అద్దె ఎంత, బ్రాంచి ఎంత దూరం, పిల్లల స్కూలు దగ్గరేనా అని అడుగుతాం. కుళాయి గొట్టం ఎటునుంచి వస్తోందని మాత్రం అడగం. రాయ్‌పూర్‌లో ముందుగా అడగాల్సింది అదే.

ఈ నగరానికి ఖారున్ నది నీరు శుద్ధి అయ్యాకే వస్తుంది. అయినా 2014లో, 2018లో మోవా ప్రాంతంలో, మళ్ళీ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఇక్కడ పచ్చకామెర్లు ప్రబలాయి. పాత బస్తీల్లో ఇళ్ళ కనెక్షన్లు చాలాచోట్ల మురుగుకాలువల్లోంచి వెళ్తాయి. నీళ్ళు వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. సరఫరా ఆగగానే అది పడిపోయి, పగుళ్ళలోంచి మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మొదటి బిందెలోకి వచ్చేది ఆ నీరే. హెపటైటిస్-ఇ వైరస్ ఇలాగే వ్యాపిస్తుంది. గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇది ప్రాణాంతకం కావచ్చు.

నగరాలు ఇలాంటి దెబ్బలు తిన్నాకే మారాయి. 1854 కలరాకు మూలం బ్రాడ్ స్ట్రీట్ బోరింగు నీరని లండన్‌లో డాక్టర్ జాన్ స్నో చూపించాడు. 1858 వేసవిలో థేమ్స్ దుర్వాసన పార్లమెంటునే కదిలించాక భూగర్భ మురుగుకాలువల నిర్మాణం మొదలైంది. 1908 మూసీ వరద, ఆపై 1911 ప్లేగు చూసిన హైదరాబాద్‌లో 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తొలగించి, రోడ్లు వెడల్పు చేశారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దలు ఇప్పటికీ 'కోరంటి' అంటారు. అది క్వారంటైన్ మాటే.

రోడ్లు, రైళ్ళు ఊళ్ళను కలిపినట్టే వ్యాధులనూ మోస్తాయి. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు రైళ్ళలో పాకింది కనుక స్టేషన్లలో ప్రయాణికులను పరీక్షించేవారు. 2020 మేలో రాయ్‌పూర్ టాటీబంద్ కూడలి స్వస్థలాలకు వెళ్ళే వలస కార్మికులతో నిండిపోయింది. రాకపోకలు ఆపితే వ్యాధి నెమ్మదిస్తుంది కానీ, కూలి కూడా ఆగుతుంది. అందుకే కూడళ్ళ దగ్గర నీడ, నీళ్ళు, మరుగుదొడ్లు, వైద్యం ముందే ఉండాలి.

పైపులు మార్చడం కార్పొరేషన్ పని. మన వంతుగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అడ్వాన్సు ఇచ్చేముందు గొట్టం దారి చూడండి. మొదట వచ్చే నీటిని తాగడానికి పట్టకండి. వేసవిలోనూ, వానల్లోనూ మరిగించి తాగండి. రంగు, వాసన మారితే వెంటనే కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేసి, పక్కింటివారికీ చెప్పండి. ఎందుకంటే ఆ గొట్టం వీధి మొత్తానికీ ఒక్కటే.