దొమ్మ రోగపు క్రిమి గింజ కట్టే విధానం

"చచ్చిన పశువు మాంసం బాగా ఉడికిస్తే ఏమవుతుంది సిస్టర్?" అని కొండ గ్రామాల వారు మమ్మల్ని అడుగుతుంటారు. ఎద్దు పోవడమే ఇంటికి పెద్ద నష్టం, ఆ మాంసం కూడా పారవేయమంటే మనసు ఒప్పదు. అది మాకు తెలుసు. అయినా 2016లో అరకు ప్రాంతంలో చనిపోయిన పశువుల మాంసం ముట్టిన వారికి చర్మంపై ఆంథ్రాక్స్ పుండ్లు వచ్చాయి. పశువులలో దీనినే దొమ్మ రోగం అంటారు.

ఈ క్రిమి పేరు బాసిల్లస్ ఆంథ్రాసిస్. కళేబరాన్ని కోయకుండా ఉంచితే, లోపలి కుళ్ళుకు క్రిములు కొద్ది రోజులలోనే చాలావరకు చనిపోతాయి. కోస్తే రక్తానికి గాలి తగిలి, క్రిమి గట్టి పొరలు కట్టుకొని గింజలాగ మారుతుంది. దానిని స్పోరు అంటారు. మట్టిలో అది పదుల సంవత్సరాలు ఉండగలదు. వంట వేడికి కూడా చావకపోవచ్చు.

అంత గట్టి గింజ ఎలా తయారవుతుంది? బాసిల్లస్ సబ్టిలిస్ అనే చుట్టపు క్రిమిలో (ఇది మనకు హాని చేయదు) శాస్త్రవేత్తలు దీనిని పరిశీలించారు. క్రిమిలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియేజులు ఉంటాయి. వాటిలో ఒకటి క్లిప్-ఎక్స్‌పి. తిరగలి తనంతట తాను చోళ్ళను ఎంచుకోదు కదా, పక్కన కూర్చొని గుప్పెడు గుప్పెడు వేసే మనిషి కావాలి. ఆ మనిషి పని చేసేదే అడాప్టర్ ప్రోటీన్. 2015లో అమెరికా పరిశోధకులు సి.ఎం.పి.ఏ. అనే అతి చిన్న అడాప్టర్ పనిని వివరించారు. గింజ పై పొర సరిగా కుదరకపోతే, ఆ పొరకు పునాది అయిన ప్రోటీనును ఇది క్లిప్-ఎక్స్‌పికి అప్పగిస్తుంది. పునాది పోయి ఆ కణం నశిస్తుంది. పొర బాగా కుదిరిన కణంలోనైతే సి.ఎం.పి.ఏ. తానే తొలగిపోతుంది. అందువల్ల బయటికి వచ్చే గింజలలో తాలు తక్కువ. ఆంథ్రాక్స్ క్రిమి గింజ కట్టే పద్ధతి కూడా చాలావరకు ఇటువంటిదే.

కనుక పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోటి నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారితే కత్తి పెట్టవద్దు, తోలు తీయవద్దు. పశువైద్యునికి కబురు చేసి, ఆయన చెప్పినట్లు లోతుగా పూడ్చండి లేదా కాల్చండి. మిగిలిన పశువులకు టీకా వేయించండి.

చేతిపై దురదతో పొక్కు లేచి, మధ్యలో నల్లబడి, చుట్టూ వాస్తే వెంటనే ఆసుపత్రికి రండి. ఈ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు. యాంటీబయాటిక్ మందులతో ఇది నయమవుతుంది. మందు పడకపోతే అయిదుగురిలో ఒకరి వరకు ప్రాణం పోవచ్చు.