ఒకే జన్యువు, వేర్వేరు సందేశాలు: ఆచార్య అనిరెడ్డి ఎస్.ఎన్. రెడ్డి పరిశోధనా ప్రస్థానం

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన ఉన్న చాంద్రాయణగుట్ట కూడలి నుండి పడమరగా ఆరాంఘర్ మీదుగా వెళితే రాజేంద్రనగర్ వస్తుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారత వరి పరిశోధన సంస్థ, భారత చిరుధాన్య పరిశోధన సంస్థ అక్కడ ఉన్నాయి. అదే కూడలి నుండి సంతోష్‌నగర్ దారి పడితే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అనగా ‘క్రిడా’ ఉంటుంది. ఒక వైపున పంట రకాల రూపకల్పన ప్రధానం. మరొక వైపున వాన చాలని నేలల్లో ఆ పంటల నిర్వహణ ప్రధానం. ఈ రెండు వర్గాల శాస్త్రవేత్తలకూ ఉమ్మడిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. విత్తనం అదే, అందులోని జన్యువులు అవే అయినప్పుడు, బెట్ట వచ్చిన ఏడు, ఎండ ముదిరిన ఏడు మొక్క తీరు ఎందుకు మారుతుంది?

ఈ ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యభాగం జన్యువు పనిచేయడం మొదలైన తరువాత, కణ కేంద్రకంలో జరిగే ఒక ప్రక్రియలో ఉంది. ఆ ప్రక్రియ ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్. మొక్కలలో దానిని దశాబ్దాలుగా పరిశోధించినవారిలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో గల కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అనిరెడ్డి ఎస్.ఎన్. రెడ్డి ప్రముఖులు. ఆయన పరిశోధనా క్రమాన్ని పరిశీలిస్తే, మౌలిక విజ్ఞానం ఒక చిన్న కలుపు మొక్క నుండి మన మెట్ట పంట జొన్న వరకు ఎలా చేరుకున్నదో బోధపడుతుంది.

కత్తిరింపు, కూర్పు

జన్యువులోని సమాచారం మొదట పూర్వ దూత ఆర్‌ఎన్‌ఏగా నకలు అవుతుంది. ఈ నకలులో ప్రోటీన్‌కు కావలసిన ఎక్సాన్ల నడుమ ఇంట్రాన్లనే భాగాలు ఉంటాయి. ఇంట్రాన్లను కత్తిరించి తొలగించి, ఎక్సాన్లను ఒకదానితో ఒకటి అతికించడమే స్ప్లైసింగ్. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్‌లో వేర్వేరుగా కనుగొన్నాయి. అందుకు వారిద్దరికీ 1993లో నోబెల్ పురస్కారం లభించింది. ఒకే పూర్వ దూతను కణం ఒకటికి మించిన విధాలుగా కత్తిరించి కూర్చగలదు. దీనిని ప్రత్యామ్నాయ స్ప్లైసింగ్ అంటారు.

దీని ప్రాధాన్యం తెలియడానికి మన అన్నపు పళ్లెం చాలు. అన్నం పొడిపొడిగా ఉండటం, మెత్తగా అంటుకోవడం ప్రధానంగా గింజలోని అమైలోజ్ శాతాన్ని బట్టి ఉంటుంది. అమైలోజ్ తయారీకి మూలమైన వాక్సీ జన్యువులో, మొదటి ఇంట్రాన్ ఆరంభంలో కత్తిరింపు జరగవలసిన చోట ‘జి’ అనే అక్షరానికి బదులు ‘టి’ వచ్చిన వరి రకాలు ఉన్నాయి. ఆ ఒక్క మార్పు వలన ఇంట్రాన్ సరిగా తొలగక, అమైలోజ్ తగ్గుతుంది. అంతేగాక, ఈ రకాలలో గింజ పాలుపోసుకునే దశలో వాతావరణం చల్లగా ఉంటే స్ప్లైసింగ్ మెరుగుపడి అమైలోజ్ పెరుగుతుంది. వేడి ఎక్కువైతే తగ్గుతుంది. జన్యువు మారలేదు, ఉష్ణోగ్రత మారింది, అన్నం మారింది.

స్ట్రాబెర్రీ నుండి స్ప్లైసింగ్ వరకు

ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన రెడ్డి, ఆపై వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య బి.డబ్ల్యు. పూవయ్యతో కలిసి పనిచేశారు. స్ట్రాబెర్రీ పండు పెరుగుదలలో ఆక్సిన్ హార్మోను ఏ జన్యువులను అణచి ఉంచుతుందో వారు పరిశీలించారు. కొలరాడోలో ఆయన పరిశోధన రెండు పాయలుగా సాగింది. మొదటిది కాల్షియం సంకేతాలకు సంబంధించినది. కణంలో కాల్షియం స్థాయి మారినపుడు కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్ దానిని గ్రహించి, ఇతర ప్రోటీన్లను నడిపిస్తుంది. అలా కాల్‌మోడ్యులిన్‌తో జతకూడే కైనెసిన్ తరహా చలన ప్రోటీన్‌ను 1996లో ఆయన బృందం వెల్లడించింది.

రెండవ పాయ స్ప్లైసింగ్. ఇంట్రాన్ ఆరంభాన్ని మొదట గుర్తించేది యు1 అనే ఆర్‌ఎన్‌ఏ-ప్రోటీన్ సముదాయం. వరిలో ‘జి’ పోయి ‘టి’ వచ్చినపుడు తడబడేది ఈ గుర్తింపే. యు1లోని 70కె అనే ప్రోటీన్‌కు చెందిన జన్యువును గొలొవ్‌కిన్, రెడ్డి అరబిడాప్సిస్ మొక్కలో అధ్యయనం చేసి 1996లో ఫలితాలు ప్రకటించారు. అరబిడాప్సిస్ ఆవాల కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క. స్ప్లైసింగ్‌కు తోడ్పడే ఈ ప్రోటీన్ తాలూకు పూర్వ దూతే రెండు విధాలుగా స్ప్లైస్ అవుతున్నదని, ఒక రూపంలో ఒక ఇంట్రాన్ తొలగకుండా మిగిలిపోతున్నదని తేలింది. యు1-70కెతో జతకూడే ప్రోటీన్ల కోసం సాగిన వెతుకులాటలో, 1998లోను 1999లోను, సెరైన్, ఆర్జినైన్ అధికంగా గల ఎస్‌ఆర్ ప్రోటీన్లు కొన్ని కొత్తగా బయటపడ్డాయి.

ఉష్ణోగ్రతకు స్పందన

2007లో పలుస, అలీ, రెడ్డి ప్రచురించిన అధ్యయనం వ్యవసాయ శాస్త్రజ్ఞులు తప్పక గమనించదగినది. అరబిడాప్సిస్‌లో 15 ఎస్‌ఆర్ జన్యువుల నుండి సుమారు 95 రకాల ఆర్‌ఎన్‌ఏలు వస్తున్నాయని అందులో చూపారు. అనేక హార్మోన్లను, ఒత్తిళ్లను పరీక్షించగా, హార్మోన్ల ప్రభావం మూడు జన్యువుల స్ప్లైసింగ్‌పైనే కనిపించింది. చలి, వేడి మాత్రం పలు ఎస్‌ఆర్ జన్యువుల స్ప్లైసింగ్‌ను గణనీయంగా మార్చాయి. ఇతర జన్యువుల కూర్పును నియంత్రించే ప్రోటీన్లే ఉష్ణోగ్రతకు ఇలా లోనైనపుడు, ఆ ప్రభావం వాటి అధీనంలోని జన్యువులకూ చేరే అవకాశం ఉంటుంది.

ఎస్‌ఆర్45 అనే ప్రోటీన్ కథ దీనికి చక్కని ఉదాహరణ. ఇది లోపించిన మొక్కలు ఆలస్యంగా పూస్తాయి, ఆకులు సన్నబడతాయి, పూరేకుల సంఖ్య, కేసరాల సంఖ్య మారుతుంది. ఈ జన్యువు నుండి రెండు రూపాలు వస్తాయి. వాటి ఆర్‌ఎన్‌ఏల మధ్య తేడా 21 న్యూక్లియోటైడ్లు మాత్రమే. పొడవైన రూపం పువ్వుల లోపాన్ని, పొట్టి రూపం వేరు ఎదుగుదల లోపాన్ని సరిదిద్దుతాయని 2009లో జాంగ్, మౌంట్ నిరూపించారు. 4,000కు పైగా ఆర్‌ఎన్‌ఏలు ఎస్‌ఆర్45తో ప్రత్యక్షంగానో పరోక్షంగానో అనుబంధం కలిగి ఉన్నాయని 2015లో రెడ్డి బృందం గుర్తించింది. బెట్టకు స్పందించే అబ్సిసిక్ ఆమ్లపు సంకేత వ్యవస్థకు చెందినవి వాటిలో ఎక్కువగా కనిపించాయి. 2019లో ఇదే బృందం మరొక అడుగు వేసింది. ఎస్‌ఆర్45 లేని మొక్కలు ఉప్పుకు త్వరగా దెబ్బతింటాయి. పొడవైన రూపాన్ని తిరిగి ప్రవేశపెడితే తట్టుకుంటాయి. పొట్టి రూపాన్ని ప్రవేశపెడితే తట్టుకోలేవు. చౌడును తట్టుకునే జన్యువు ‘ఉన్నదా, లేదా’ అని అడగడంతో సరిపోదని, ఏ రూపంలో వెలువడుతున్నదో కూడా చూడాలని ఈ ఫలితం బోధిస్తుంది.

జొన్న చేనుకు

ఆర్‌ఎన్‌ఏలను చిన్న ముక్కలుగా చదివే పద్ధతిలో, ఏ ముక్క ఏ రూపానికి చెందినదో కచ్చితంగా చెప్పడం కష్టం. ఒక్కొక్క అణువును పొడవుగా చదివే పసిఫిక్ బయోసైన్సెస్ విధానంతో రెడ్డి బృందం, గణకశాస్త్రజ్ఞులు ఆసా బెన్-హర్‌తో కలిసి, జొన్న ఆర్‌ఎన్‌ఏలను విశ్లేషించింది. 2016లో వెలువడిన ఆ పరిశోధన 11,000కు పైగా కొత్త స్ప్లైస్ రూపాలను, అంతకుముందు గుర్తించని 2,100కు పైగా జన్యువులను బయటపెట్టింది. జొన్న జన్యుసంపుటి 2009లోనే ప్రచురితమైంది. అక్షరమాల చేతికందిన ఏడేళ్లకు కూడా, దాని నుండి మొక్క ఏయే వాక్యాలు కూర్చుతున్నదో ఎంతో భాగం తెలియకుండానే ఉన్నదన్నమాట.

ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. కనిపించిన ప్రతి రూపమూ ప్రోటీన్‌గా మారదు. అర్ధాంతరంగా ముగింపు సంకేతం వచ్చిన ఆర్‌ఎన్‌ఏలలో పెక్కింటిని కణమే గుర్తించి నాశనం చేస్తుంది. నియంత్రిత గదుల్లో అరబిడాప్సిస్‌పై లభించిన ఫలితం చేనులో జొన్నకో వరికో యథాతథంగా వర్తిస్తుందని అనుకోరాదు. ఆ నిర్ధారణ పొలంలోనే జరగాలి.

అందువలన ఈ విషయంలో విద్యార్థుల, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత చిన్నది కాదు. ఆర్‌టి-పిసిఆర్‌లో ప్రైమర్లను అన్ని రూపాలకూ ఉమ్మడిగా ఉన్న భాగానికి అమర్చితే మొత్తం మోతాదు తెలుస్తుంది గాని, ఏ రూపం ఎంత ఉన్నదో తెలియదు. బెట్టలో ఫలానా జన్యువు ‘మారలేదు’ అని వ్రాసే ముందు, మారినది మోతాదు కాక రూపమేమో పరిశీలించాలి. నమూనా సేకరించిన వేళ, అప్పటి ఉష్ణోగ్రత, నేలలోని తేమ, పంట దశ నమోదు కాకపోతే, తరువాత ఎంత ఖరీదైన సీక్వెన్సింగ్ చేయించినా ఫలితాన్ని అన్వయించడం సాధ్యపడదు. ప్రదర్శన క్షేత్రాలలో రైతు ‘ఈ ఏడు అన్నం ముద్దవుతున్నది’ అని చెప్పినపుడు, విత్తన కల్తీని అనుమానించడంతోపాటు గింజ పాలుపోసుకున్న వారాల ఉష్ణోగ్రతను కూడా సరిచూడాలి.

అటువంటి వివరాలను పొలంలో సేకరించగలవారు వ్యవసాయ, విస్తరణ శాస్త్రవేత్తలు. వాటిని ఆర్‌ఎన్‌ఏతో ముడిపెట్టగలవారు జీవసాంకేతిక శాస్త్రవేత్తలు. చాంద్రాయణగుట్ట మీదుగా సాగే దారికి ఇరువైపులా మన నగరంలోనే ఈ రెండు నైపుణ్యాలూ ఉన్నాయి. ఒకే జొన్న చేనులో, ఒకే రోజున, ఈ ఇద్దరూ కలిసి నమూనాలు తీసుకోవడం ఇకపై జరగవలసిన పని.