పుట్టినంక మూసుకునే జన్యువు

కణం పనులన్నీ కేంద్రకమే నడిపిస్తుందని మనం చదువుకున్నాం, పరీక్షలో రాసినం కూడా. ఎట్ల నడిపిస్తదో సైన్సు మేడంను అడిగి తెలుసుకొని రాస్తున్నాను.

ఒక్కో కేంద్రకంలో దాదాపు 2 మీటర్ల డి.ఎన్.ఏ. దారం ఉంటుంది. కేంద్రకం వెడల్పేమో, మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలంత. నేను లెక్క వేసి చూసిన. కేంద్రకాన్ని పీచు తీసిన కొబ్బరికాయంత చేస్తే, లోపలి దారం వికారాబాద్ నుండి తాండూరు దాకా, సుమారు 40 కిలోమీటర్లు వస్తది! చిక్కు పడకుండ అది హిస్టోన్లు అనే ప్రోటీన్లకు చుట్టుకొని ఉంటుంది.

మన ట్రంకుపెట్టెలో రోజూ వేసుకునే యూనిఫాం పైన, పండుగ బట్టలు అడుగున ఉంటయి గదా. కేంద్రకం కూడా అంతే. కణానికి కావలసిన జన్యువులు వదులుగా, చదవడానికి వీలుగా ఉంటాయి. అక్కరలేనివి గట్టిగా మడతపడి, చాలావరకు అంచుకు చేరుతాయి. అక్కడ, కేంద్రక త్వచం లోపలివైపు, లామిన్లు అనే ప్రోటీన్ల వల ఉంటుంది. హైదరాబాదు సీసీఎంబీలో వీణా పర్నాయిక్ గారు ఈ లామిన్ల మీద చాలా ఏళ్ళు పరిశోధన చేశారు. కంటికైనా చర్మానికైనా దారం ఒకటే, విప్పినవి వేరు.

ఇది మనకెందుకు అంటరా? 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. గిరిజనులకు రక్తపరీక్షలు చేస్తున్నది దానికోసమే. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్రకణం కొడవలి లెక్క వంగుతది, సన్న నాళాల్లో ఇరుక్కుంటది. మా పెద్దమ్మ కొడుకుకు ఈ జబ్బు ఉంది. పుట్టినప్పుడు మంచిగనే ఉండె. ఏడాది నిండకముందే చేతులు, కాళ్ళు వాచినయి. తండాలో అందరూ పెద్దమ్మ పాలు చెడ్డవన్నరు. అది అబద్ధం. తల్లి, తండ్రి ఇద్దరి నుండీ ఆ జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది.

మరి మొదట్లో ఎందుకు కనబడలేదు? కడుపులో ఉన్న బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. దాని జన్యువు, పెద్దవాళ్ళ జన్యువు రెండూ 11వ క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. కొంత దూరంలో స్విచ్చు లాంటి ముక్క ఒకటి ఉంది. దారం వంగి ఆ ముక్క ఏ జన్యువును తాకితే అది పని చేస్తది. పుట్టినంక ఆ వంపు మారుతుంది. బి.సి.ఎల్.11ఏ అనే ప్రోటీను పిల్లప్పటి జన్యువును మెల్లగా మూసేస్తుంది. అప్పుడు జబ్బు బయటపడుతది. (ఎర్రకణంలో కేంద్రకమే లేదు గదా అంటారేమో! ఇదంతా ఎముక మజ్జలో, కేంద్రకం బయటికి పోకముందే జరుగుతుంది.)

మూసిన జన్యువు ఎక్కడికీ పోలేదు, లోపలనే ఉంది. హైడ్రాక్సీయూరియా అనే మందుతో పిల్లప్పటి హిమోగ్లోబిన్ కొంత పెరుగుతుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఒక కొత్త చికిత్సకు అనుమతి ఇచ్చాయి. మజ్జ కణాలను బయటికి తీసి, బి.సి.ఎల్.11ఏను నడిపే స్విచ్చును కత్తిరించి, మళ్ళీ ఎక్కిస్తారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! మా తండా మొత్తం అమ్మినా రాదు.

ఈ జబ్బు ఉన్నవాళ్ళు నీళ్ళు బాగా తాగాలి, చలి తగలకుండా ఉండాలి. వార్డెన్ మేడం గారూ, చలికాలం అయిపోయేదాకా అలాంటి పిల్లలకు పొద్దున వంటింట్లో నుండి ఒక్క బకెట్ వేడినీళ్ళు ఇప్పించగలరా?