ఇద్దరి సైకిల్ యాత్ర

దేవరకొండ నుంచి దిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం. మూడు రోజుల దారి. ఇద్దరు సైకిళ్ల మీద పోతున్నారనుకోండి. ఎవరు ముందుండాలి?

మెల్లగా తొక్కేవారే. జోరుగా తొక్కేవారు ముందుంటే దూరం పోతారు. వెనక చైను ఊడినా, ఎండకు కళ్లు తిరిగినా వారికి తెలియదు.

గాలిపంపు ఇద్దరికీ ఒక్కటి చాలు. అది వెనకవారి దగ్గరుండాలి. ముందువారు ఆగితే వచ్చి అందుకుంటారు.

నీళ్లు మాత్రం ఎవరివి వారికే. నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. కాచినా పోదు. నల్లాలో వచ్చే కృష్ణానీళ్లు నింపుకోండి.

మన్ననూరు దాటితే నల్లమల. పులులున్న అడవి. రాత్రి చెక్‌పోస్టు మూస్తారు. మన్ననూరులోనే పడుకోండి. తెల్లారినాక కలిసే పొండి.

ఏ పూట ఖర్చు ఆ పూట రాసుకోండి. లెక్క సాఫుగా ఉంటే దోస్తీ నిలుస్తుంది.